చీము పట్టని గడ్డ: కీమో తర్వాత జ్వరంతో వచ్చిన ఒక ఐసీయూ కేసు

ఈ కేసు రాస్తానని పేషెంటునీ, ఆమె భర్తనీ అడిగాను. ఇద్దరూ సరేనన్నారు. వయసు, ఊరు, పని, తేదీలు గుర్తుపట్టకుండా మార్చాను. వైద్యం జరిగిన వరస మాత్రం జరిగినట్టే రాస్తున్నాను, నేను పొరబడిన చోట్లతో సహా.

మా ఐసీయూ విశాఖపట్నంలో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, అల్లూరి జిల్లా కొండలు, దక్షిణ ఒడిశా, ఇన్ని వైపుల నుంచీ క్యాన్సర్ పేషెంట్లు ఈ ఊరికే వస్తారు. కీమో ఎక్కించుకుని బస్సెక్కి ఇంటికి వెళ్లిపోతారు. తెల్లరక్తకణాలు అడుగంటేది మాత్రం ఇంటికెళ్లిన వారం పది రోజులకు. అంటే జ్వరం వచ్చేసరికి వాళ్లు మాకు వంద కిలోమీటర్ల అవతల ఉంటారు.

నేపథ్యం

నలభై దాటిన స్త్రీ. నర్సీపట్నం అవతల పల్లె. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా, అంటే ఒక రకం రక్తక్యాన్సర్. మొదటి విడత కీమోకే జబ్బు రెమిషన్‌లోకి వెళ్లింది, అంటే పరీక్షల్లో కనిపించనంతగా అణిగింది. అది తిరగబెట్టకుండా సైటరబిన్ అనే కీమో మందు ఎక్కువ మోతాదులో ఇస్తున్నారు, ఒకటో రోజు, మూడో రోజు, ఐదో రోజు, పన్నెండు గంటలకొకసారి. అలాంటి రెండో విడత అయ్యాక, ఆరో రోజున తెల్లకణాలను పెంచే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ సూది వేసి, కుడిచేతి నరంలో పిక్ లైన్ (మందులు ఎక్కించే పొడవాటి గొట్టం) ఉంచి ఇంటికి పంపారు.

రెండు నెలల క్రితం ఆమె మూత్రం కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్ష) ఈఎస్‌బీఎల్ రకం, అంటే చాలా యాంటీబయాటిక్స్‌కి లొంగని రకం, ఈ కోలై బ్యాక్టీరియా పెరిగింది. ఆ పాత కాగితం ఆ రాత్రి మాకు చాలా పనికొచ్చింది.

డిశ్చార్జి సమ్మరీలో "జ్వరం 100.4 దాటితే వెంటనే రావాలి" అనే వాక్యం ఉంది. ఇంగ్లీషులో ఉంది. ఆమె భర్త ఏడో తరగతి దాకా చదివాడు, తెలుగులో.

వచ్చినప్పటి పరిస్థితి

కీమో మొదలైన పదమూడో రోజు రాత్రి ఎనిమిదిన్నరకు అంబులెన్సులో తెచ్చారు. తాళ్లపాలెం, అనకాపల్లి మీదుగా హైవే ఎక్కి గాజువాక, ఎన్ఏడీ దాటి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. వానాకాలం. మనిషి మత్తుగా ఉంది, పిలిస్తే కళ్లు తెరుస్తోంది. బీపీ 74/40, పల్స్ 138, నిమిషానికి 34 శ్వాసలు, ఆక్సిజన్ 90 శాతం. నోరంతా పుండ్లు. చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయి. టెంపరేచర్ 98.2.

డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ అడిగింది: "సార్, జ్వరం లేదు కదా. ఫెబ్రైల్ న్యూట్రోపీనియా అని రాయొచ్చా?"

మంచి ప్రశ్న. ఫెబ్రైల్ న్యూట్రోపీనియా అంటే తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరం. పుస్తకం లెక్క ప్రకారం నోటిలో ఒక్కసారి 101 చూపించినా, లేదా 100.4 గంటసేపు నిలిచినా జ్వరం. దానితోపాటు న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లకణాలు) 500 లోపు ఉండాలి, లేదా రెండు రోజుల్లో ఆ లోపుకి పడిపోయేలా ఉండాలి. కానీ ఆ గీత పెట్టుకున్నది కేసు జారిపోకుండా పట్టుకోవడానికి. షాక్‌లో (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలో) ఉన్న మనిషిని "ఇది కాదు" అని పక్కన పెట్టడానికి కాదు. సాయంత్రం ఐదింటికి ఆమెకు డోలో వేశారు. పైగా సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) ముదిరితే ఒళ్లు చల్లబడిపోవచ్చు కూడా. రాయమన్నాను.

భర్తను పక్కకు పిలిచి అడిగాను. "మొన్న రేత్రి ఒళ్లు కాలిపోయింది బాబూ. డోలో ఏసేను, తగ్గింది. నిన్న మళ్లీ వొచ్చింది. మా ఊరి డాట్రుబాబు సూదులేసీసేడు, రెండు." ఏ సూదులంటే తెలియదన్నాడు. ఒకటి నొప్పికి, ఒకటి జొరానికి అని చెప్పాడట.

ఈ మాట కేస్ షీటులో నా చేత్తోనే రాశాను. రాసి పేజీ తిప్పేశాను.

మొదటి గంట

బ్లడ్ కౌంట్ రిపోర్టు రావడానికి మా దగ్గర నలభై నిమిషాలు పడుతుంది. దానికోసం ఆగలేదు. రెండు వారాల క్రితం కీమో మొదలైంది, ఇప్పుడు షాక్‌లో ఉంది. న్యూట్రోఫిల్స్ లేవనే అనుకుని ముందుకెళ్లాలి. ఉన్నాయని తేలితే పోయేదేమీ లేదు.

కల్చర్ సీసాలు రెండు చోట్ల నింపాం, పిక్ లైన్ నుంచి ఒక జత, ఎడమచేతి నరం నుంచి ఒక జత. రెండిటికీ ఒకే సమయం రాశాం. ఎందుకో తర్వాత చెబుతాను. తలుపు దాటి లోపలికి వచ్చిన 22వ నిమిషంలో మెరోపెనెమ్ మొదలైంది. ఇలాంటి కేసులో మొదటి యాంటీబయాటిక్ గంటలోపు పడాలన్నది అందరూ ఒప్పుకున్న నియమం.

పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ కాకుండా మెరోపెనెమ్ ఎందుకంటే ఆ పాత యూరిన్ కల్చర్ వల్ల. షాక్ లేకపోయి ఉంటే ఇంకోలా ఆలోచించేవాణ్ణేమో. షాక్‌లో ఉన్నప్పుడు తప్పు మందుతో మొదలెట్టి మర్నాడు దిద్దుకునే వెసులుబాటు ఉండదు. దానితో అమికాసిన్ ఒకే ఒక్క డోసు వేశాం. మా దగ్గర మెరోపెనెమ్‌కి లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా తరచూ కనిపిస్తుంది. ఒక మందు తప్పినా రెండోది తగలాలి.

వాంకోమైసిన్ (ఇంకో యాంటీబయాటిక్) సంగతి. కీమో జ్వరం అనగానే దాన్ని కలిపేయడం చాలాచోట్ల అలవాటైపోయింది, అక్కర్లేదు. ఈమెకు మాత్రం మూడు కారణాలున్నాయి. షాక్, ఒంట్లో లైన్, నోట్లో పుండ్లు. ఎక్కువ మోతాదు సైటరబిన్ తర్వాత నోటి పుండ్లలోంచి విరిడాన్స్ స్ట్రెప్టోకాకై అనే బ్యాక్టీరియా రక్తంలోకి దిగి, షాక్‌నీ ఊపిరితిత్తుల దెబ్బనీ ఒకేసారి తేగలవు. కలిపాం. 72 గంటలకు కల్చర్లలో గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా (వాంకోమైసిన్ పనిచేసే తరగతి) ఏదీ పెరగకపోతే ఆపేయాలని ఆ రాత్రే షీటులో రాసిపెట్టాను. మొదలుపెట్టిన రోజే ఆపే రోజు రాయకపోతే ఐసీయూలో ఏ మందూ ఆగదు.

కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.9 ఉంది, మెరోపెనెమ్ తగ్గించాలా అని ఫార్మసిస్ట్ అడిగాడు. మొదటి 48 గంటలు తగ్గించవద్దన్నాను. షాక్ మొదట్లో కిడ్నీ తరచూ తేరుకుంటుంది. ఆలోపు మందు చాలకపోతే మనిషి తేరుకోదు.

రింగర్ లాక్టేట్ అర లీటరు చొప్పున, మధ్యమధ్య ఎకో పెట్టి చూస్తూ, మూడు గంటల్లో లీటరున్నర ఇచ్చాం. బీపీ పెంచే నారడ్రినలిన్ మాత్రం రెండో అర లీటరుతోపాటే, మోచేతి దగ్గరి పెద్ద నరంలోంచి మొదలెట్టాం. ఊపిరితిత్తులు అప్పటికే తడిగా వినిపిస్తున్నాయి. బీపీ కోసం నీళ్లే పోస్తూపోతే రాత్రికే వెంటిలేటర్ ట్యూబు వేయాల్సి వస్తుంది.

రిపోర్టులు వచ్చాయి. తెల్లకణాలు 200, న్యూట్రోఫిల్స్ లెక్కపెట్టడానికి లేవు. ప్లేట్‌లెట్లు 9,000. హిమోగ్లోబిన్ 6.8. షాక్ తీవ్రతను చూపే లాక్టేట్ 6.1.

ఇంకో ప్రశ్న, ఫిల్‌గ్రాస్టిమ్ ఇద్దామా అని. ఇలాంటి రిస్కు ఎక్కువ ఉన్నవాళ్లలో వాడొచ్చు. కణాలు కాస్త ముందుగా లేస్తాయి, అయితే ప్రాణాలు నిలబెడుతుందన్న ఆధారం గట్టిగా లేదు. పైగా ఆమెకు పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ పడి వారమే అయింది. అది న్యూట్రోఫిల్స్ లేచేదాకా ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. మళ్లీ అదే మందు పోయడంలో అర్థం లేదు. ఇవ్వలేదు.

లైన్ మీద అనుమానం

మర్నాడు పొద్దున్నకల్లా నా మనసులో ఒక కథ తయారైపోయింది. ఇంటి దగ్గర పిక్ లైన్ ఫ్లష్ చేసుకునేటప్పుడు క్రిములు లోపలికెళ్లాయి, అదే మూలం. లైన్ దగ్గర చర్మం మామూలుగానే ఉంది. అయినా తెల్లకణాలు లేని మనిషికి ఎరుపు, వాపు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుకే కనిపించడం లేదనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ఇదే తర్కం నాకు సరైన చోట అక్కరకు రావాల్సింది.

షాక్‌లో ఉన్నప్పుడు అనుమానం ఉన్న లైన్ తీసేయడం న్యాయమే. పిక్ చేతికి ఉంటుంది కాబట్టి ప్లేట్‌లెట్లు 9,000 ఉన్నా పదిహేను నిమిషాలు నొక్కిపట్టి తీసేయొచ్చు. తీశాం. ఒక యూనిట్ ప్లేట్‌లెట్లు ఎక్కించి, అల్ట్రాసౌండ్ చూస్తూ మెడ నరంలో కొత్త లైన్ పెట్టాం.

ఇప్పుడు ఆ సీసాల సంగతి. రెండు చోట్లా ఒకే సమయానికి రక్తం తీసి, ఒకే మిషనులో పెడితే, లైన్ సీసా చేతి సీసా కన్నా రెండు గంటలు లేదా అంతకు పైగా ముందు పాజిటివ్ చూపిస్తే లైనే మూలమని అనుకోవచ్చు. ఆమెకు మిషనులో పెట్టాక లైన్ సీసా 11 గంటల 10 నిమిషాలకు, చేతి సీసా 11 గంటల 40 నిమిషాలకు మోగాయి. అరగంటే తేడా. అంటే లైన్ కాకపోవచ్చు. ల్యాబ్ నుంచి ఫోన్ చేసి ఈ రెండు అంకెలూ చెప్పారు. నేను విన్నది మాత్రం "గ్రామ్ నెగటివ్ బ్యాసిల్లై" (ఇంకో తరగతి బ్యాక్టీరియా) అన్న మాటే.

ఫలించనివి

రెండో రోజు రాత్రి నారడ్రినలిన్ డోసు పెరుగుతూ పోయింది. బీపీ నిలబెట్టడానికి వాసోప్రెసిన్, హైడ్రోకార్టిసోన్ కలిపాం. హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉంది, 50 లీటర్లు, 60 శాతం. రక్తంలో గ్రామ్ నెగటివ్ ఉందని తెలుసు, పేరు ఇంకా తెలియదు. మెరోపెనెమ్‌కి లొంగనిదేమోనన్న భయంతో కోలిస్టిన్ అనే, కిడ్నీని దెబ్బతీయగల యాంటీబయాటిక్ మొదలెట్టాను. దాన్ని తప్పనను. అదే పరిస్థితి మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తానేమో. దానికి ఖరీదు ఉంది. నాలుగో రోజుకి క్రియాటినిన్ 3.2. ఆ పెరుగుదలలో షాక్ వాటా ఎంత, కోలిస్టిన్ వాటా ఎంత, నేనేసిన అమికాసిన్ వాటా ఎంత అని విడదీసి చెప్పలేను.

మూడో రోజు మధ్యాహ్నం పూర్తి రిపోర్టు వచ్చింది. సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా. మెరోపెనెమ్‌కి లొంగేదే. అంటే మొదటి గంట నుంచీ సరైన మందే వెళుతోంది. కోలిస్టిన్ ఆపేశాం. వాంకోమైసిన్ రాసుకున్నట్టే ఆ రాత్రి ఆపాం.

నేను ఆగాల్సింది ఇక్కడ. సరైన మందు, పూర్తి మోతాదులో, మూడు గంటలపాటు నిదానంగా ఎక్కిస్తూ, మూడు రోజులుగా ఇస్తున్నాం. అయినా షాక్ దిగడం లేదు, జ్వరం 102. మందు తగిలినా మనిషి తేరుకోవడం లేదంటే మందు చేరలేని చోట ఏదో ఉందని అర్థం. ఎంబీబీఎస్ కుర్రాడైనా ఈ మాట చెబుతాడు. నేను ఇంకో మందు రాశాను. నాలుగో రోజు కాస్పోఫంగిన్. విస్తృతమైన యాంటీబయాటిక్ ఇస్తున్నా నాలుగు నుంచి ఏడు రోజులు జ్వరం తగ్గకపోతే ఫంగస్ మందు మొదలెట్టమనే గైడ్‌లైన్ ఉంది, కాబట్టి కాగితం మీద తప్పు లేదు. కానీ అది రాశాక "ఇవాళ్టికి ఏదో చేశాం" అనిపించింది. ఆ ఊరటే నన్ను వెతకనివ్వలేదు.

వెతకలేదని కాదు. కడుపు కాస్త ఉబ్బింది, కుడివైపు నొప్పి అంటోంది. న్యూట్రోపీనియాలో పెద్దపేగు మొదటి భాగం వాచే టిఫ్లైటిస్ ఉందేమోనని నాలుగో రోజు సాయంత్రం ఛాతీ, కడుపు సీటీ తీయించాం. పేగు గోడ మామూలుగా ఉంది. ఊపిరితిత్తుల్లో రెండువైపులా మచ్చలు, ఫంగస్ గుర్తులేమీ లేవు. రిపోర్టులో కడుపు మామూలే అని వచ్చింది.

ఆమె భర్తతో మాట

ఆ సాయంత్రం కారిడార్‌లో ఆయన అడిగాడు: "ఏటవుద్ది బాబూ? ఉన్నమాట సెప్పండి."

క్యాన్సర్ పేషెంటు, తెల్లకణాలు లేవు, మూడు అవయవాలు దెబ్బతిన్నాయి. ఇలాంటివాళ్లను ఐసీయూలో చేర్చుకోవడమే దండగ అనే రోజులు ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఈమె జబ్బు రెమిషన్‌లో ఉంది, వారంలో కణాలు లేస్తాయి. ఈ వారం దాటిస్తే ముందు బతుకు ఉంది. కాబట్టి ఐదారు రోజులు ఏదీ తగ్గించకుండా అన్నీ చేద్దామని, అప్పటికీ అవయవాలు ఒక్కొక్కటే పడిపోతుంటే మళ్లీ కూర్చుని మాట్లాడుకుందామని చెప్పాను. బతుకుతుందని గానీ కష్టమని గానీ ఒక్క మాటలో చెప్పలేదు. ఏ రోజు ఏం చూస్తామో చెప్పాను: బీపీ మందు తగ్గుతోందా, మూత్రం వస్తోందా, కణాలు లేస్తున్నాయా. ఆయన ఆ మూడూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత రోజూ వాటినే అడిగేవాడు. అంత స్పష్టంగా అడిగే బంధువులు నాకు తక్కువగా తగిలారు.

ఐదో రోజు తెల్లవారుజామున

మూడు గంటలకు నైట్ డ్యూటీ సిస్టర్ ఆమెను పక్కకి తిప్పి వీపు తుడుస్తోంది. నన్ను పిలిచింది. "సార్, సూది వేసిన చోట చూడండి. నిన్న నీలంగా ఉండేది. ఇప్పుడు నల్లగా ఉంది."

ఎడమ పిరుదు పైభాగాన రూపాయి బిళ్లంత మచ్చ. మధ్యలో బొగ్గులా నలుపు, చుట్టూ సన్నటి ఎర్రటి అంచు. ఆ అంచు అవతల చర్మం నున్నగా, కాస్త గట్టిగా ఉంది. వేలితో నొక్కితే మత్తులో ఉన్న మనిషి ముఖం చిట్లించింది. మొదటి రోజు అక్కడ కమిలిన మచ్చ ఉందని అందరం చూశాం. 9,000 ప్లేట్‌లెట్లతో కండలో సూది పడితే కమలదా అనుకున్నాం. షీటులో "బ్రూయిజ్" అని రాసి ఉంది. ఆ తర్వాత రోజూ ఆమెను వెల్లకిలా పడుకోబెట్టే చూశాను.

సిస్టర్ పెన్నుతో ఆ అంచు చుట్టూ గీత గీసి టైము వేసింది. ఆరు గంటలకు నలుపు ఆ గీత దాటింది.

సూడోమోనాస్ రక్తనాళాల గోడల్లోకి చొరబడి వాటిని మూసేస్తే, చర్మం ఇలా ఒకటి రెండు రోజుల్లోనే ఎరుపు నుంచి నలుపుకి తిరుగుతుంది. ఎక్థైమా గాంగ్రినోసమ్ అంటారు. సూది దారిన క్రిమి దిగి కండలోని నెత్తుటి గడ్డలో పెరిగిందా, లేక జ్వరం మొదలయ్యేసరికే రక్తంలో ఉన్న క్రిమి దెబ్బతిన్న ఆ కండలో చేరి కూర్చుందా? ఇప్పటికీ తేల్చి చెప్పలేను. సూదికి ముందే జ్వరం ఉంది కాబట్టి రెండోదే కావచ్చు. ఊరి డాక్టర్ మీద నేరం మోపడానికి ఈ కేసు చాలదు. అర్ధరాత్రి పిలిస్తే ఆ పల్లెలో వచ్చేది ఆయనొక్కడే. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కండలో సూది వేయకూడదన్నది మాత్రం నిజం. ఆ మాట ఆయనకు మేమెవరం చెప్పలేదన్నదీ నిజం.

రేడియాలజిస్టును లేపి సాయంత్రం సీటీ మళ్లీ చూడమన్నాను. పొత్తికడుపు కింది స్లైసుల్లో, బొమ్మ అంచున, ఎడమ పిరుదు కండ కుడిదానికన్నా ఒకటిన్నర రెట్లు ఉంది. మేం అడిగింది పేగు గురించి. ఆయన పేగు చూసి చెప్పాడు.

కోయాలా వద్దా

సర్జన్ వచ్చి చూశాడు. ఆయన అభ్యంతరాలు తీసిపారేయదగ్గవి కావు. గాలి లేదు, చీము లేదు, సీటీలో ద్రవం కూడినట్టు లేదు. ప్లేట్‌లెట్లు 14,000. రెండు మందుల మీద బీపీ. "చీమే లేనప్పుడు ఏం కోయమంటారు?"

చీమంటే చచ్చిన న్యూట్రోఫిల్స్ కుప్ప. న్యూట్రోఫిల్సే లేని ఒంట్లో చీము పట్టదు. కణాలు లేచేదాకా ఆగితే చీము కనిపిస్తుంది, అప్పటికి ఆమె ఉండకపోవచ్చు. ఇది నా వాదన. ఆయన దగ్గర అనుభవం ఉంది, నా దగ్గర తర్కమే ఉంది. ఇద్దరం ఒప్పుకున్న మధ్యదారి ఒకటి దొరికింది. అల్ట్రాసౌండ్ చూస్తూ ఆ గట్టిపడిన చోట సూదితో లాగి చూద్దామని.

మూడు మిల్లీలీటర్లు వచ్చింది, నల్లటి పల్చటి ద్రవం. ల్యాబ్‌కి మనిషినిచ్చి పంపాం. ముప్పావుగంటలో చేతిరాత రిపోర్టు వచ్చింది. "పస్ సెల్స్: నిల్. గ్రామ్ నెగటివ్ బ్యాసిల్లై: ప్లెంటీ." చీము కణాలు లేవు, క్రిములు నిండా ఉన్నాయి.

సర్జన్ ఆ రెండు గీతలూ చదివి థియేటర్‌కి ఫోన్ చేశాడు.

ఇక ప్లేట్‌లెట్లు. ఒక్క మనిషి నుంచి మిషను మీద తీసే సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్లు కావాలి. ఒక్కొక్కరికి గంటన్నర పడుతుంది. ఆమె భర్త ఫోన్ చేస్తే ఊరి కుర్రాళ్లు ఆరుగురు బొలేరో కట్టించుకుని మధ్యాహ్నానికి దిగారు. ఇద్దరు సరిపోయారు. సాయంత్రానికి కౌంట్ 52,000 అయింది. ఊపిరి బిగువుగా ఉంది కాబట్టి థియేటర్లో ఎలాగూ ట్యూబు తప్పదు. అదేదో ఐసీయూలోనే, అన్నీ సిద్ధంగా పెట్టుకుని, నోటి పుండ్లు రక్తం కారకుండా చూసుకుంటూ వేశాం.

కోస్తే చర్మం కింద కొవ్వు బూడిదరంగులో ఉంది, కండ పైపొర చచ్చిపోయింది. చీము ఒక్క చుక్క లేదు. రక్తం 400 మిల్లీలీటర్లు పోయింది. గాయం మూయకుండా వదిలి, 48 గంటలకు మళ్లీ చూసి మరికొంచెం తీశారు.

మొదటి ఆపరేషన్ తర్వాత 30 గంటలకు నారడ్రినలిన్ దాదాపు ఆగిపోయింది. మందు మార్చలేదు. అదే మెరోపెనెమ్.

కణాలు లేచిన రోజు

ఎనిమిదో రోజు న్యూట్రోఫిల్స్ 180, తొమ్మిదో రోజు 1,100. ఆమె భర్త లెక్కలో మూడో వేలు. అందరం సంతోషపడ్డాం. ఆ రాత్రే ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఎక్స్‌రే తెల్లబడింది, ఆక్సిజన్ 80 శాతం కావాల్సి వచ్చింది, జ్వరం మళ్లీ 101.

కొత్త ఇన్ఫెక్షన్ అని కోలిస్టిన్ మళ్లీ తెద్దామన్నారు. ఈసారి ఆగి ఆలోచించాం. బీపీ చెక్కుచెదరలేదు, లాక్టేట్ 1.4. మారింది ఊపిరితిత్తులు, తెల్లకణాలు, ఆ రెండే. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోకి కొత్త న్యూట్రోఫిల్స్ ఒక్కసారిగా చేరితే, కణాలు లేచే ఆ రెండు మూడు రోజుల్లోనే ఇలా ముదరడం తెలిసిన విషయమే. ట్యూబులోంచి శాంపిల్ తీసి కల్చర్‌కి పంపాం, గాలక్టోమన్నన్ అనే ఫంగస్ పరీక్షకీ పంపాం. యాంటీబయాటిక్ మార్చలేదు. వెంటిలేటర్ మీద కిలోకి 6 మిల్లీలీటర్ల చిన్న శ్వాస, రోజుకి 16 గంటలు బోర్లా పడుకోబెట్టడం, ఎక్కించే నీళ్లు తగ్గించడం. రెండు పరీక్షలూ నెగటివ్ వచ్చాయి, కాస్పోఫంగిన్ ఆపేశాం. పదమూడో రోజు ట్యూబు తీశాం.

గాయంలో చీము పట్టింది పదో రోజున. డ్రెస్సింగ్ విప్పిన సిస్టర్ పసుపుపచ్చని చీము చూసి కంగారుపడింది. నేను సంతోషించాను.

డయాలసిస్ అవసరం పడలేదు. ఐసీయూ నుంచి పద్దెనిమిదో రోజు, చర్మం అతికించాక ఇంటికి నలభై నాలుగో రోజు వెళ్లింది.

మార్చుకున్నవి

మా యూనిట్‌లో ఇప్పుడు కీమో జ్వరంతో ఎవరొచ్చినా మొదటి ఆరు గంటల్లో డాక్టరే స్వయంగా పేషెంటును పక్కకి తిప్పి చూడాలి. వీపు, పిరుదులు, ఆసనం చుట్టూ, చంకలు, రొమ్ముల కింద, గోళ్ల అంచులు, సూది పడిన ప్రతి చోటు. ఆసనంలో వేలు పెట్టి చూడడం, ఎనిమా ఇవ్వడం, అక్కడ థర్మామీటర్ పెట్టడం ఎలాగూ ఈ పేషెంట్లలో చేయం. కళ్లతో చూడడానికి ఏ అడ్డూ లేదు. రోజూ చూడాలి. మొదటి రోజు ఏమీ లేకపోవడం నాలుగో రోజుకి సాక్ష్యం కాదు. అనుమానం ఉన్న మచ్చ చుట్టూ పెన్నుతో గీత, పక్కన టైము. ఆ సిస్టర్ చేసినదే ఇప్పుడు అందరూ చేస్తున్నారు.

ఇంకొకటి నాకు నేను పెట్టుకున్నది. సరైన మందు పడి 72 గంటలైనా షాక్ దిగకపోతే, కొత్త మందు రాసే ముందు ఎక్కడెక్కడ చూశామో, ఎక్కడ చూడలేదో షీటులో రాయాలి. సీటీకి పంపేటప్పుడు "పేగు చూడండి" అని మాత్రమే రాయను. సూడోమోనాస్ రక్తంలో ఉంది, మూలం తెలియదు, అంచులు కూడా చూడండి అని రాస్తాను.

డిశ్చార్జి కాగితంతోపాటు కీమో వార్డు ఇప్పుడు తెలుగులో ఒక పసుపు కార్డు ఇస్తోంది. దాని మాటల మీద వారం కూర్చున్నాం. "న్యూట్రోపీనియా" అన్న మాట తీసేశాం. "జ్వరం 100.4 చూపిస్తే మాత్ర వేసి ఆగకండి. ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి. పిరుదుకి, జబ్బకి సూది వేయనివ్వకండి. దూరం ఎక్కువైతే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఈ కార్డు చూపించండి." కార్డు వెనక ఆ డాక్టర్ కోసం నాలుగు గీతలు ఇంగ్లీషులో ఉన్నాయి: కల్చర్ తీయగలిగితే తీయండి, తీయలేకపోతే ఆగవద్దు, నరంలో ఇవ్వాల్సిన మొదటి డోసు ఏది, ఎంత. విశాఖ చేరడానికి పట్టే మూడు గంటలు మందు లేకుండా గడవకూడదు. థర్మామీటరు కూడా ఇస్తున్నాం. చాలా ఇళ్లలో అది లేదని అడిగాకే తెలిసింది. చేయి పెట్టి చూసి వేడిగా ఉందంటారు.

మూడో విడత కన్సాలిడేషన్ (జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే కీమో) ఇవ్వాలా అని ఆంకాలజిస్టు, నేను, వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాం. గాయం అప్పటికి పూర్తిగా మానలేదు, మళ్లీ మూడు వారాలు కణాలు పడిపోతే అదే చోట తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఇవ్వకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. ఆమే తేల్చింది, వద్దని. ఇప్పటికి ఏడు నెలలైంది, ప్రతి నెలా వచ్చి రక్తం ఇచ్చి వెళుతోంది, కౌంట్లు బాగున్నాయి. కిందటి నెల వచ్చినప్పుడు, కుట్టుమిషను ముందు ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నానని, ఎడమవైపు కింద మడతపెట్టిన దుప్పటి వేసుకుంటున్నానని చెప్పింది. ఫిజియోథెరపీకి రాశాను. పసుపు కార్డు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఊరి డాట్రుబాబుకి కూడా ఒకటి కావాలని అడిగింది.